మేనల్లుడు రాసే సాఫ్ట్‌వేరా, కొన్నదా?

ప్రశ్న: పర్లాకిమిడిలో మాది మూడు తరాల కిరాణా హోల్‌సేలు. ఊళ్లో చిల్లర దుకాణాలకీ, అవతల పాతపట్నానికీ సరుకు వేస్తాం. సీజనులో మోహన, ఆర్.ఉదయగిరి వైపు సవర రైతుల దగ్గర జీడిపిక్కలు, చింతపండు కొంటాం. పద్దులన్నీ ఎర్రట్ట పుస్తకంలోనే. పన్ను బిల్లులు మాత్రం ఆడిటరు గారి గుమస్తా కొడతాడు. మా మేనల్లుడు బీటెక్ అయి ఖాళీగా ఉన్నాడు. "ట్యాలీ లాంటి లెక్కల సాఫ్ట్‌వేరు కొనడం ఎందుకు మావయ్యా, మన దుకాణానికి సరిపడా నేనే రాసిస్తాను, ఆరు నెలలు చాలు" అంటున్నాడు. కాదంటే మా ఆవిడ ఊరుకోదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు నాకు తగిలిన దెబ్బ చెబుతాను. బరంపురంలో నేను లెక్కలు రాసిన ఏజెన్సీలో ఒక కుర్రాడు ఫాక్స్‌ప్రో అనే పాతకాలం ప్రోగ్రామింగ్ భాషలో ప్రోగ్రాం చేసిపెట్టాడు. ముద్దొచ్చేది. పార్టీ పేరులో మూడక్షరాలు కొడితే పాత బాకీ తెర మీదకొచ్చేది. తర్వాత ఆ కుర్రాడు బెంగళూరు వెళ్లిపోయాడు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. మా ప్రోగ్రాంలో పన్నుకి ఉన్నది ఒకటే గడి, వ్యాట్‌ది. ఫోన్ చేస్తే, "అన్నా, కోడు పాత లాప్‌టాప్‌లో ఉండేది, అది పోయింది" అన్నాడు. ఫాక్స్‌ప్రోని మైక్రోసాఫ్ట్ 2015లోనే వదిలేసింది కూడా. ఆ నెలంతా కార్బన్ కాగితం పెట్టి చేత్తో బిల్లులు రాశాను. మధ్యవేలికి కాయ కాసింది.

అందుకని పన్ను బిల్లుల జోలికి మీ మేనల్లుణ్ని పోనివ్వకండి. దానికి సాఫ్ట్‌వేరు కొనుక్కోండి. మీది ఒడిశా, ఆంధ్ర సరిహద్దు వ్యాపారం. జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలు మీకు 21, పాతపట్నం వాళ్లకి 37. ఊళ్లో అమ్మితే పన్ను కేంద్రానికొకటి, రాష్ట్రానికొకటి రెండు ముక్కలు, అవతలి రాష్ట్రానికి పంపితే ఐజీఎస్టీ ఒక్కటే. సరుకు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు, అంటే బండితో పాటు ఉండాల్సిన ఆన్‌లైన్ రవాణా పత్రం. రైతు దగ్గర తొక్కతో ఉన్న జీడిపిక్కలు కొంటే పన్ను అమ్మినవాడి బదులు మీరే కట్టాలి, దాన్నే రివర్స్ చార్జి అంటారు. 2025 సెప్టెంబరు 22న నెయ్యి 12 నుంచి, ఒంటి సబ్బులు 18 నుంచి 5 శాతానికి దిగాయి. కొన్న సాఫ్ట్‌వేరులోనూ రేట్లు మనమే సరిచూసుకోవాలనుకోండి. కానీ ఎలాగో చెప్పే మనిషి బజారులో దొరుకుతాడు. మీ అబ్బాయి రాసినదానికి అబ్బాయి ఒక్కడే దిక్కు. రేపు హైదరాబాదు నుంచి ఇంటర్వ్యూ కబురొస్తే?

ఇక మీ ఎర్రట్ట పుస్తకం సంగతి వేరు. రైతు వానల్లో మదుపుకి డబ్బు పట్టుకెళతాడు. మధ్యలో ఉప్పు, బియ్యం అరువు. ఎండాకాలం బస్తాలు దింపుతాడు. కాటా వేసి, చెమ్మకి తరుగు తీసి, పాత బాకీ కోసి, మిగిలింది చేతిలో పెడతారు. కొన్న సాఫ్ట్‌వేరులో ఇది ఎక్కదని కాదు, నాలుగు చోట్ల నాలుగు ఎంట్రీలుగా చెదిరిపోతుంది. కాటా దగ్గర నిలబడ్డ రైతుకి "నీది ఇంత తేలింది" అని ఒక్క కాగితం మీద చూపించలేరు. అబ్బాయికి ఈ పని ఇవ్వండి.

ముందు రెండు సంతలు మీ గుమస్తా పక్కన కూర్చోబెట్టండి. కంప్యూటరు ముట్టుకోకూడదు. ఒక రైతు తమ్ముడి బాకీ కింద తన బస్తా కట్టమంటాడు. ఒకడు సగం డబ్బు మీ దగ్గరే దాచమంటాడు. ఒక బస్తా తడిసి వస్తుంది. ఈ మూడూ ఎక్సెల్‌లో పలికించమనండి. అది నిలబడ్డాకే ప్రోగ్రాం మాట. కొండమీద సంతల్లో సిగ్నలు దొరక్కపోయినా నడవాలి. లెక్కంతా ఎప్పుడంటే అప్పుడు ఎక్సెల్ ఫైలుగా బయటికి రావాలి. కోడు నకలు ఒకటి మీ బీరువాలో ఉండాలి. ఇంటి పిల్లాడే కదా అని ఊరికే చేయించకండి, నెలకింత అని జీతం ఇవ్వండి. మీ ఆవిడగారు దానికి కాదనరనే నా నమ్మకం.

ఈ సీజను పుస్తకంలోనూ, కంప్యూటరులోనూ రెండు చోట్లా రాయండి. కిలో తేడా వస్తే పుస్తకమే చెల్లుతుందని రైతులకీ, అబ్బాయికీ ముందే చెప్పేయండి.