స్పౌజ్ పాయింట్ల కోసం పెళ్లి చేసుకున్నాం, మధ్యలో అత్తయ్య వచ్చారు

అవసరానికి చేసుకున్న పెళ్లిలో ప్రేమ పుట్టడం సినిమాల్లోనేనా, ఇంట్లోవాళ్లు వేలు పెడితే ఉన్నది కూడా చెడిపోదా అని అడిగారు కదా. మా సంగతి చెప్తాను.

నేను గవర్నమెంట్ టీచర్ని. 2014 డీఎస్సీ రాసి 2016లో చేరితే ప్రకాశం జిల్లా పుల్లలచెరువు మండలంలో పోస్టింగ్ ఇచ్చారు. అమ్మావాళ్లది చీరాల. బస్సులు మారి ఇంటికి చేరేసరికి శనివారం కాస్తా అయిపోయేది. ఒంగోలు దగ్గర హైస్కూల్లో పనిచేసే ఒక సార్ ట్రైనింగ్‌లో పరిచయం. ఇంట్లో సంబంధాల గోల పడలేక ఆయన అప్పటికే విసిగిపోయి ఉన్నారు. భార్యాభర్తలిద్దరూ గవర్నమెంట్ ఉద్యోగస్తులైతే బదిలీల్లో ఒకరికి స్పౌజ్ పాయింట్లు కలుస్తాయి, పాయింట్లు ఎక్కువున్నవాళ్లకి ముందు స్కూలు కోరుకునే వీలుంటుంది. మార్కాపురం బస్టాండులో టీ తాగుతూ ఆయనే అన్నారు, "మేడం, మీకు పాయింట్లు, నాకు ప్రశాంతత." నవ్వుకున్నాం. నెల తిరిగేసరికి అది నవ్వులాట కాకుండా పోయింది. ఎవరి జీతం వాళ్లది, ఎవరి లోన్ వాళ్లది, ఏడాది చూసి కుదరకపోతే విడిపోదాం అనుకున్నాం.

ఇక్కడ మేం చదువుకోకుండా దిగిన విషయాలు రెండున్నాయి. స్పౌజ్ పాయింట్లు వాడుకుంటే స్పౌజ్ పనిచేసే చోటికి దగ్గర్లోనే కోరుకోవాలి, అంటే నాకు రాబోయేది చీరాల కాదు, ఆయనుండే ఒంగోలు. రెండోది, ఇద్దరూ ఒప్పుకుని విడాకులు కావాలన్నా ముందు ఏడాది పాటు విడిగా ఉండాలి, ఆ తర్వాతే కోర్టుకు వెళ్లాలి. దగ్గరుండటానికి పాయింట్లు తీసుకుని, విడిగా ఉన్నామని ఏ మొహంతో చెప్తాం? బీఈడీ చదివిన ఇద్దరం ఒక్క జీవో సరిగ్గా చదవలేదు.

2020 మాఘంలో పెళ్లి. ఆదివారాలు మాత్రమే కలుద్దాం అనుకున్నాం. మార్చిలో వారం రోజులుండి వెళ్తానని అత్తయ్య ఒంగోలు వచ్చారు, నేనూ ఆ వారమే వచ్చాను, లాక్‌డౌన్ పడింది. రెండు గదుల ఇల్లు. ఒక గది అత్తయ్యది, రెండోది మా ఇద్దరిది, ఫ్యాన్ ఆయనకి ఐదులో ఉండాలి, నాకు రెండు దాటితే తలనొప్పి. మూడో రోజు అన్నం తింటూ ఆయన అలవాటులో "మేడం, ఆ గోంగూర ఇటివ్వండి" అన్నారు. అత్తయ్య ముద్ద కలపడం ఆపి నా వైపు చూశారు. స్కూల్ అలవాటండీ అన్నాను. ఆవిడ ఊరుకున్నారు కానీ, ఆ సాయంత్రం నుంచి ఆరా మొదలైంది. వాడికి ఏ కూర ఇష్టం, పెళ్లిచూపులకి ముందు ఎన్నిసార్లు కలిశారు, వాడి కాలు మీద ఆ మచ్చ ఎలా పడిందో చెప్పాడా. వంటింట్లో నన్నడిగేవి, వరండాలో ఆయన్నడిగేవి. జవాబులు కలవాలి కదా, అందుకని రోజూ రాత్రి తలుపేసుకుని "మీరేం చెప్పారు, నేనేం చెప్పాను" అని సరిచూసుకునేవాళ్లం. సైకిల్ చైన్‌లో కాలు పడిన కథ అలాగే విన్నాను, వాళ్ల నాన్నగారు పోయిన రోజు సంగతీ అలాగే. అబద్ధం నిలబెట్టడానికి చెప్పుకున్నంత నిజం మామూలు పెళ్లిలో చెప్పుకునేవాళ్లమా అని నాకిప్పటికీ అనుమానమే.

మిస్సమ్మ 1955లో వచ్చిన సినిమా. అందులోనూ టీచర్ ఉద్యోగాల కోసమే ఎన్టీఆర్, సావిత్రి మొగుడూపెళ్లాలమని చెప్పుకుంటారు. అత్తయ్య ఆ లాక్‌డౌన్‌లోనే అది టీవీలో పెట్టుకుని, ఎన్టీఆర్‌ని వదిలేసి మమ్మల్నిద్దర్నీ చూస్తూ కూర్చున్నారు. నాకు చెమటలు పట్టాయి.

ఆ ఏడాది చివర్లో జరిగిన బదిలీల వెబ్ కౌన్సెలింగ్‌లో ఒంగోలుకి దగ్గర స్కూలు దొరికింది. పని అయిపోయింది, ఇక ఎవరి దారి వాళ్లదే కావాలి. ఇంతలో అమ్మా అత్తయ్యా ఫోన్లో ఏకమై, ఏడాదైనా విశేషం లేదని మమ్మల్ని శ్రీకాళహస్తి రాహుకేతు పూజకి లాక్కెళ్లారు. అన్ని జంటల మధ్యలో నాగపడగల ముందు కూర్చుని, పంతులుగారు మైకులో చెప్పినట్టల్లా చేస్తుంటే ఆయన తల వంచుకుని మెల్లగా, "ఇది మన ఒప్పందంలో లేదు మేడం" అన్నారు. నవ్వు ఆపుకోలేక దగ్గు నటించాను. తిరుగు రైల్లో దోషం మీవైపా మావైపా అని వాళ్లిద్దరూ గూడూరు దాకా వాదించుకున్నారు. మేం తలుపు దగ్గర నిలబడి జామకాయలు తిన్నాం. విడిపోయే మాట ఆ రోజు ఎవరం ఎత్తలేదు, తర్వాతా ఎత్తలేదు.

అందరికీ ఇలాగే జరుగుతుందని నేననను. మా తోటి టీచర్ ఒకామె ఇలాగే చేసుకుని ఇప్పుడు కోర్టు చుట్టూ తిరుగుతోంది. వాళ్లిద్దరికీ ముందే డబ్బు దగ్గర లెక్క తేలలేదు. మాకు ఆ గొడవ రాలేదంటే, జీతాల సంగతి బస్టాండులోనే తేల్చేసుకున్నాం గనక.

2025 బదిలీల్లో మళ్లీ ఆప్షన్లు పెడుతుంటే అత్తయ్య ల్యాప్‌టాప్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "ఆ ఊరొద్దమ్మా, నీళ్లు ఉప్పన. దీన్ని పైన పెట్టు, మా చెల్లెలు ఉంటుంది, మధ్యాహ్నం క్యారేజీ పంపిస్తుంది." పెట్టాను. అదే వచ్చింది.