నడుం నొప్పి తగ్గినా జీను వేయనివ్వని గుర్రం

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. మాకు ఎనిమిదేళ్ల మార్వాడీ ఆడగుర్రం ఉంది. పెళ్లి ఊరేగింపులకు తీసుకెళ్తాం, సెలవుల్లో తుమ్మలపెంట బీచ్‌లో పిల్లల్ని ఎక్కిస్తాం. వేసవిలో దానికి నడుం పట్టేసింది. ఇంజెక్షన్లు, విశ్రాంతితో తగ్గింది. ఇప్పుడు ఊరికే వదిలితే బాగానే పరిగెత్తుతోంది. జీను తెస్తే మాత్రం చెవులు వెనక్కి పెడుతోంది, తంగు (జీను జారకుండా పొట్ట కింద నుంచి కట్టే పటకా) బిగిస్తే కరవబోతోంది, ఎక్కితే బిగుసుకుపోయి కదలడం లేదు. మొండికేసిందని, ముళ్ల కళ్లెం వేసి నాలుగు తగిలిస్తే దారికొస్తుందని మా మామయ్య అంటున్నారు. ఏం చేయమంటారు? – ఓ పాఠకుడు

జవాబు: ముందు ఆ ముళ్ల కళ్లెం ఆలోచన మానుకోండి. బరువులు లాగే, మోసే జంతువుల కోసం కేంద్రం 1965లో తెచ్చిన నిబంధనల్లోనే దాన్ని నిషేధించారు. చట్టం సంగతి అటుంచినా, వీపు నొప్పికి బెదిరిన గుర్రానికి నోట్లో కూడా నొప్పి పెడితే బెదురు రెట్టింపవుతుందే గానీ తగ్గదు. మీ మామయ్యగారికి ఈ మాట నెమ్మదిగా చెప్పండి.

మీ గుర్రానిది మొండితనం అనిపించడం లేదు. జీను పడిన ప్రతిసారీ నడుం కలుక్కుమన్న రోజులు దానికి గుర్తున్నాయి. అయితే అది నిజంగా పాత భయమేనా, నొప్పి ఇంకా ఉందా అన్నది ముందు తేలాలి. ఊరికే వదిలినప్పుడు పరిగెత్తుతోంది కదా అంటే చాలదు, అప్పుడు వీపు మీద బరువు ఉండదు. నొప్పి మందు పూర్తిగా ఆపేసి, కొన్ని రోజులు ఆగి, వెన్నెముకకు రెండు పక్కలా వేళ్లతో మూపు నుంచి నడుం దాకా మెల్లగా నొక్కుతూ రండి. ఒక చోట కండ గట్టిపడినా, వీపు కిందికి వంచేసినా, తోక విసిరినా అక్కడ ఇంకా బాధ ఉన్నట్టే. ఇలా ఉన్నా, వెనక కాళ్లు ఈడుస్తున్నా ఇంట్లో ప్రయోగాలు వద్దు, తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లండి. జీను కింద ఉండే వెన్నుపూసల పై కొసలు ఒకదానికొకటి రాసుకోవడం గుర్రాల్లో కొత్తేమీ కాదు. అది ఎక్స్‌రేలో కనిపిస్తుంది.

తంగు బిగిస్తే కరవబోతోందన్నారు. దానికి వీపే కారణం కానక్కర్లేదు, కడుపులో పుండ్లు ఉన్నా అలాగే చేస్తుంది. గుర్రం పొట్టలో యాసిడ్ తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది. నొప్పి మందులు ఎక్కువ రోజులు వాడినా, గంటల తరబడి గడ్డి లేకుండా కట్టేసినా పుండ్లు పడతాయి. ఉడికించిన ఉలవలు పెడుతున్నాం కదా అని గడ్డి తగ్గించకండి. ఇంకో మాట, మందుల షాపులో మనుషుల నొప్పి మందు డైక్లోఫెనాక్ తెచ్చి పొడిచేవాళ్లు ఇంకా కనిపిస్తున్నారు. ఆ మందు వాడిన పశువుల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయని 2006లోనే పశువుల కోసం దాని తయారీని ఆపించారు. దాని జోలికి పోకండి.

తర్వాత జీను. ఊరేగింపు జీనుల మీద మఖ్మల్, అద్దాలు, జరీ ఉంటాయి, కింద చట్రం విరిగి ఉన్నా తెలియదు. గుడ్డలన్నీ తీసి, బోడి వీపు మీద పెట్టి చూడండి. వెన్నెముక మీద ఎక్కడా ఆనకూడదు, ముందు నుంచి వెనక దాకా గాలి ఆడే సందు ఉండాలి. స్వారీ అయ్యాక జీను కింద వీపంతా చెమట పట్టి, మధ్యలో ఒక మచ్చంత మేర పొడిగా ఉందంటే ఆ చోటే ఎక్కువగా నొక్కుకుంటోందని అర్థం. అక్కడక్కడ తెల్ల వెంట్రుకలు మొలిచాయంటే ఆ ఒత్తిడి పాతదే. అలాంటి జీనుతో మీరెంత బుజ్జగించినా లాభం లేదు.

బరువు లెక్క కూడా చూసుకోండి. మనిషి, జీను కలిపి గుర్రం బరువులో అయిదో వంతు దాటకూడదు. మీది 350 కిలోలు అనుకుంటే 70 కిలోలు. పెళ్లికొడుకే 75 ఉంటాడు, ఒళ్లో తోడపెళ్లికొడుకు, కింద జీను, అన్నీ కలిపితే 100 దాటుతుంది. దానికి తోడు డీజే. నడుం ఎందుకు పట్టేసిందో నాకైతే పెద్దగా అనుమానం లేదు.

ఇవన్నీ సరిచేశాకే శిక్షణ. నొప్పి వచ్చినప్పుడు చిక్కిపోయిన లోపలి కండ విశ్రాంతితో తిరిగి రాదు, పని చెప్పాలి. క్యారెట్ ముక్క చూపిస్తూ గడ్డం ఛాతీకి, తర్వాత ముందు కాళ్ల మధ్యకు, ఆ తర్వాత అటూ ఇటూ డొక్క దాకా తల తిప్పించి కొన్ని సెకన్లు ఆపండి. ఒక్కోటి అయిదుసార్లు, వారానికి అయిదు రోజులు. మూడు నెలలు చేస్తే వీపు నిండుతుంది. నేల మీద సరుగుడు వాసాలు దూరదూరంగా పరిచి, పగ్గం పట్టుకుని వాటి మీదుగా నడిపించండి. ఎండ ఎక్కకముందే ముగించండి.

జీను అలవాటు దీంతో పాటే సాగాలి. మొదట మెత్తటి బొంత ఒక్కటే వేసి, మేత పెట్టి, అది బిగుసుకోకముందే తీసేయండి. అది లెక్కచేయడం మానేశాక తంగు లేకుండా జీను. తర్వాత తంగు వదులుగా కట్టి, కాస్త నడిపించి, అప్పుడు ఒక్కో రంధ్రం బిగించండి. ఒకేసారి లాగి బిగించడమే చాలా గుర్రాలను కరిచేలా చేస్తుంది. చెవులు వెనక్కి పోయినా, తోక ఊపు పెరిగినా ముందు రోజు మెట్టుకు దిగిపోండి. తల దించి, నోరు ఆడించి, ఊపిరి గట్టిగా వదిలితే ముందుకెళ్లండి.

ఎక్కే మనిషి ఆఖరున రావాలి, అది కూడా ఇంట్లో అందరికన్నా తేలికైన, స్వారీ తెలిసిన మనిషి. నేల మీంచి రికాబులో కాలు పెట్టి ఎగిరితే బరువంతా ఒక పక్క పడి వీపు మెలిపడుతుంది, అందుకే అరుగు మీంచి ఎక్కించండి. కూర్చుని, నిమిషం కూడా ఉండకుండా దిగిపోవాలి. రోజూ కొంచెం పెంచుతూ చదును నేలపై తిన్నగా నడిపించండి. గుండ్రంగా తిప్పడం, దౌడు ఇప్పుడు వద్దు. బీచ్‌లో పొడి ఇసుకలో కాళ్లు దిగబడి నడుం మీద భారం పడుతుంది, తప్పనిసరైతే తడిసి గట్టిపడిన ఇసుకలోనే నడిపించండి.

రాబోయే ముహూర్తాలకు మాత్రం దీన్ని ఒప్పుకోకండి. ఎక్కడైనా అడ్వాన్స్ తీసుకుని ఉంటే ఇప్పుడే తిరిగిచ్చేయండి, వాళ్లు వేరే గుర్రం చూసుకోవడానికి టైమ్ ఉంటుంది.