నిద్ర పట్టనివ్వనిది నీలి కాంతేనా?

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. అమెరికా టీముతో కాల్స్ రాత్రి పదకొండింటి దాకా నడుస్తాయి. పడుకున్నాక రెండింటి వరకూ నిద్ర పట్టదు. సాయంత్రమైతే కళ్లు మంట. నీలి కాంతిని ఆపుతాయన్న బ్లూ కట్ కళ్లద్దాలు కొన్నాను, ఫోన్‌లో నైట్ మోడ్ పెట్టాను. ఏమీ తేడా లేదు. – ఒక పాఠకుడు, మాదాపూర్

జవాబు: మీవి రెండు వేర్వేరు బాధలు. రెండింటికీ ఒకే కళ్లద్దాలు అంటగట్టారు.

కళ్ల మంటకు వెలుగు రంగుతో పని లేదు. మామూలుగా నిమిషానికి 15 సార్లకు పైగా రెప్ప వేస్తాం. తెర మీద పనిలో మునిగితే అది 5–7కు పడిపోతుంది, ఆ వేసేదీ సగమే. కన్నీటి పొర ఆరిపోతుంది. ఏసీ గాలి నేరుగా ముఖానికి కొడుతుంటే ఇక చెప్పేదేముంది! బ్లూ కట్ అద్దాలనూ మామూలు అద్దాలనూ పోల్చిన ప్రయోగాలను 2023లో వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్షించింది. కంటి అలసటలో తేడా కనబడలేదు.

మానిటర్‌ను 60 సెం.మీ. దూరంలో పెట్టండి, పై అంచు మీ కంటి ఎత్తుకు కాస్త కిందే ఉండాలి. తల ఎత్తి చూస్తే రెప్పలు ఎక్కువ తెరుచుకుని కన్ను త్వరగా ఆరుతుంది. 20 నిమిషాలకోసారి 20 అడుగుల అవతలికి 20 సెకన్లు చూస్తూ, నిండుగా రెప్పలు మూసి తెరవండి. మంట ఎక్కువైతే కన్నీటిలా కంటిని తడిపే, ప్రిజర్వేటివ్ లేని 0.5 శాతం కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ చుక్కలు వాడొచ్చు. ఎరుపు తగ్గించే చుక్కల జోలికి వెళ్లకండి. మానేశాక ఎరుపు రెట్టింపై తిరిగొస్తుంది.

ఇక నిద్ర. కంటి వెనక పొర రెటీనాలో మెలనాప్సిన్ అనే వెలుగును పసిగట్టే పదార్థం ఉన్న కణాలు 480 నానోమీటర్ల దగ్గరి నీలి వెలుగును పట్టి, నిద్రకు సిద్ధం చేసే హార్మోన్ మెలటోనిన్‌ను అణచమని మెదడుకు చెబుతాయి. ఇది నిజమే. కానీ ఎంత? 2015లో అచ్చయిన ఒక అధ్యయనంలో పడుకునే ముందు నాలుగేసి గంటలు పూర్తి వెలుగుతో ఐప్యాడ్ చదివినవాళ్లకు, కాగితం పుస్తకం చదివినప్పటికంటే నిద్ర సుమారు పది నిమిషాలే ఆలస్యమైంది. మీకు ఆలస్యమవుతున్నది దాదాపు మూడు గంటలు! మిగతాది తెర వెలుగు ఖాతాలో వేయలేం.

పదకొండింటి దాకా వాదించిన బుర్ర పదకొండూ ఐదుకు ఆగదు. తొమ్మిదింటికి తాగిన ఇరానీ చాయ్‌లోని కెఫీన్ సగానికి తగ్గడానికే దాదాపు ఐదు గంటలు కావాలి. పొద్దున్న ఎండ మొహం చూడకపోవడం మరో లోటు: ఆఫీసులో వెలుగు 500 లక్స్ (వెలుగు కొలత) లోపే, ఆరుబయట మబ్బు పట్టినా వేలల్లో ఉంటుంది. పగలు వెలుగు చాలని కంటికి రాత్రి వెలుగు ఇంకా గట్టిగా తగులుతుంది.

మధ్యాహ్నం రెండు దాటాక చాయ్ వద్దు. కాల్ చివర్లో రేపటి పనులు కాగితం మీద రాసేయండి. గదిలో తెల్ల ట్యూబ్‌లైట్ ఆర్పి, 2700 కెల్విన్ పసుపు బల్బు వేసుకోండి. ఫోన్ ఛార్జర్ హాల్లోకి మార్చండి. ఎప్పుడు పడుకున్నా ఒకే వేళకు లేచి అరగంట బయట నడవండి. ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే మంచం దిగండి. వారంలో మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు ఇదే వరుసైతే డాక్టర్‌ను కలవండి.

ప్రశ్న: ఫోన్ వెలుగుకు మా ఎనిమిదేళ్ల బాబు చూపు పోతుందా? – ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: వెలుగుకు కాదమ్మా, దగ్గరితనానికి భయపడాలి. గంటల తరబడి దగ్గరగా చూడటం, ఎండలో ఆడకపోవడం హ్రస్వదృష్టికి (దూరంవి మసకగా కనబడటానికి) దారితీస్తాయి. రోజూ రెండు గంటలు ఆరుబయట ఆడనివ్వండి. కార్టూన్లు టీవీలోనే పెట్టండి. టీవీకి కూడా దగ్గరగా జరుగుతున్నాడంటే మెహదీపట్నంలోని సరోజినీ దేవి కంటి ఆసుపత్రిలోనో మరెక్కడో పవర్ చూపించండి.