రిసెప్షన్‌లో పెళ్లికూతురికి ఎంత ఎత్తు హీల్స్ మంచివి?

2 నుంచి 2.5 అంగుళాల బ్లాక్ హీల్ (దిమ్మలా వెడల్పుగా ఉండే మడమ), చీలమండకి పట్టీ ఉన్నది తీసుకోండి. మండపంలో ఎలాగూ వట్టికాళ్లే. చెప్పులతో పనల్లా రిసెప్షన్ స్టేజీ మీద గంటల తరబడి నిలబడేటప్పుడే. మడమ ఎత్తు పెరిగేకొద్దీ ఒంటి బరువు ముందుపాదం మీద పడి వేళ్ల మొదళ్లు మండుతాయి. సన్నని హీలైతే లాన్‌లో దిగబడుతుంది కూడా.

ఇంకాస్త పొడవు కనిపించాలా? ముందువైపు అడుగున 1 అంగుళం మందం (ప్లాట్‌ఫామ్) ఉంటే, 3 అంగుళాల హీల్‌లోనూ పాదానికి తెలిసే వాలు 2 అంగుళాలే.

వాడితే సాగుతాయిలే అని చాలామంది బిగుతువి కొంటారు. తోలు కాస్త సాగుతుంది, రెగ్జిన్ దాదాపు సాగదు. పాదాలు కాస్త ఉబ్బే సాయంత్రం పూట వేసి చూడండి. లెహంగా కొలత ఆ చెప్పులతోనే ఇవ్వండి, వట్టికాళ్లతో ఇస్తే హీల్స్ వేశాక అంచు పైకి లేచి పొట్టిగా కనిపిస్తుంది.