జిస్ట్ అని రాసే ముందు

చిరంజీవి డాక్టరమ్మకు ఆశీస్సులు.

జీర్ణాశయంలో తీసిన గడ్డ నీ బల్ల మీదికి వచ్చిందనీ, సర్జన్ గారు చీటీలో "జిస్ట్" అని రాసి పంపారనీ చెప్పావు. జిస్ట్ అంటే జీర్ణనాళపు గోడలో పుట్టే, క్యాన్సర్‌గా మారగల గడ్డ. ఆ మాట ముందే చదివితే కన్ను దాన్నే వెతుకుతుంది. ముందు స్లయిడు చూడు, చీటీ తర్వాత చదువు.

జీర్ణాశయ గోడలో కదురు ఆకారపు కణాలతో పెరిగే గడ్డల్లో ఎక్కువ భాగం జిస్ట్‌లే. కానీ నాడి తొడుగు నుంచి పుట్టే ష్వానోమా కూడా అరుదుగా అక్కడే, అదే రూపంతో వస్తుంది. ఎండోస్కోపీలో రెండూ నునుపైన ఉబ్బులే, సీటీలోనూ విడదీయడం కష్టమే. పెట్ స్కాన్‌లో ష్వానోమా కూడా వెలగవచ్చు. అది చూసి ప్రాణాంతకమని తీర్మానించకు.

తక్కువ పవర్‌లో గడ్డ అంచును తీరిగ్గా చూడు. చుట్టూ పూసలు గుచ్చినట్టు నీలంగా లింఫోసైట్ల (ఒక రకం తెల్ల రక్తకణాల) గుంపులు కనిపిస్తే ష్వానోమాను గట్టిగా అనుమానించాలి. 1910లో వెరోకే అనే పాథాలజిస్టు వర్ణించిన ఆ వరుసలు తీరిన కేంద్రకాల కోసం మాత్రం పట్టుబట్టకు. జీర్ణాశయపు ష్వానోమాలో అవి తరచుగా ఉండవు, గడ్డ చుట్టూ స్పష్టమైన కవచమూ ఉండదు. అక్కడక్కడ పెద్ద నల్లని కేంద్రకాలు కనిపించినా కంగారు పడకు. కణ విభజన ఉందా లేదా అని ఓపికగా వెతుకు.

ఇక ఇమ్యూనో పరీక్షలు, అంటే కణాల్లోని ఫలానా ప్రొటీన్‌ను రంగుతో పట్టే పరీక్షలు. ఎస్-100, సి.డి.117 లాంటివి ఆ ప్రొటీన్ల పేర్లే. ఖర్చు తగ్గుతుందని ఒక్క ఎస్-100తో సరిపెట్టకు, అది కొన్ని జిస్ట్‌లలోనూ రంగు పడుతుంది. సాక్స్-10, సి.డి.117, డాగ్-1, డెస్మిన్ కూడా కలిపి అడుగు. ష్వానోమాలో ఎస్-100, సాక్స్-10 గాఢంగా వస్తాయి, మిగతా మూడూ రావు. సి.డి.34 మీద ఆధారపడకు, అది రెండింటిలోనూ రావచ్చు. సి.డి.117 రాలేదని రాసే ముందు అదే స్లయిడులో చెదురుగా ఉన్న మాస్ట్ కణాలను చూడు, ఆ రోగనిరోధక కణాల్లో సి.డి.117 మామూలుగానే ఉంటుంది. అవి కూడా రంగు పట్టకపోతే లోపం గడ్డలో కాదు, రంగు వేయడంలో ఉంది. ఎస్-100కి గోడలోని మామూలు నాడులే సాక్ష్యం. కేంద్రకాలు మరీ వికృతంగా ఉంటే మెలనోమా (చర్మపు రంగు కణాల క్యాన్సర్) కాదని తేల్చుకోవడానికి హెచ్.ఎం.బి.-45, మెలాన్-ఎ కూడా చేయించు. ఎస్-100, సాక్స్-10 దానిలోనూ వస్తాయి మరి.

ఇంత పట్టుదల ఎందుకంటే, ముప్పు ఎక్కువున్న జిస్ట్ రోగికి ఆపరేషన్ తర్వాత సాధారణంగా 3 ఏళ్లు ఇమాటినిబ్ అనే క్యాన్సర్ మందు ఇస్తారు. ష్వానోమాను పూర్తిగా తీసేస్తే ఆ మందే అక్కర్లేదు. మన రిపోర్టులో ఒక్క మాట తప్పితే ఆ కుటుంబం ఏళ్ల తరబడి క్యాన్సర్ భయంతో, మందుల ఖర్చుతో బతకాలి.

ష్వానోమా అనే తేలితే రిపోర్టులో "నిరపాయకరమైన ష్వానోమా, జిస్ట్ కాదు" అని మొదటి వరుసలోనే రాయి. కోత అంచుల్లో గడ్డ మిగిలిందో లేదో కూడా చెప్పు. కాగితం వార్డుకు చేరేలోపు సర్జన్ గారికి నువ్వే ఫోను చెయ్యి. ఎక్కడైనా అనుమానం మిగిలితే స్లయిడుతో పాటు పారాఫిన్ బ్లాకు (మైనంలో పొదిగిన గడ్డ ముక్క) కూడా నాకు పంపు. నేను చూస్తాను.