పిట్ట దగ్గరికి రావాలంటే ఎన్ని ఎక్స్‌లు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు జూమ్ కెమెరాల గురించే. ముగ్గురి అవసరాలు వేరు కాబట్టి జవాబులూ వేరే, కానీ మొదటిది మాత్రం అందరూ చదవండి, ఎందుకంటే అందులో ఉన్న లెక్క మిగతా ఇద్దరికీ పనికొస్తుంది.

ప్రశ్న: నమస్తే సార్. టీచర్‌గా రిటైరై ఏడాదయింది, మాది చంద్రగిరి. పొద్దున్నే మా ఆయనతో కలిసి కోట వైపో, కల్యాణి డ్యాం దారిలోనో నడకకు వెళ్తాను. లకుముకి పిట్టలు, పాలపిట్టలు రోజూ కనిపిస్తాయి. ఫోన్‌లో తీస్తే చుక్కలా పడతాయి, వేళ్లతో పెద్దది చేస్తే మసకమసకగా అయిపోతాయి. జూమ్ బాగుండాలి, బ్యాటరీ మధ్యలో దిగిపోకూడదు. షాపులో ఒకాయన 40ఎక్స్ చాలన్నాడు, ఇంకో షాపులో 83ఎక్స్ తీసుకోమన్నారు, మా అబ్బాయేమో 125ఎక్స్ కూడా ఉందమ్మా, కొంటే అదే కొను అంటున్నాడు. నాకు కుడి మణికట్టు నొప్పి ఉంది, పెద్ద బరువు మోయలేను. ఏది కొనమంటారు?

జవాబు: మేడం, సూటిగా చెప్తాను. కెనాన్ పవర్‌షాట్ ఎస్ఎక్స్70 హెచ్ఎస్ కొనండి, దాంతోపాటే ఒక ఒరిజినల్ బ్యాటరీ అదనంగా తీసుకోండి. ఎందుకో చదివాక మీకు వేరేది నచ్చితే అదే కొనుక్కోండి, ఇబ్బంది లేదు.

ముందు ఈ ఎక్స్ సంగతి. 40ఎక్స్ అంటే పిట్ట 40 రెట్లు పెద్దగా కనిపిస్తుందని చాలామంది అనుకుంటారు, షాపుల్లో కూడా అలాగే చెప్పేస్తారు. అది కాదు. లెన్సు మొదలయ్యే అంకెకీ, పూర్తిగా సాగాక వచ్చే అంకెకీ మధ్య ఎన్ని రెట్లు ఉందో చెప్పేది అది, అంతే. కెనాన్ ఎస్ఎక్స్740 హెచ్ఎస్ 24 మిల్లీమీటర్ల దగ్గర మొదలై 960 దగ్గర ఆగుతుంది, 960ని 24తో భాగిస్తే 40. ఎస్ఎక్స్70 అయితే 21 నుంచి 1365, అది 65ఎక్స్. మీకు 83ఎక్స్ అని చెప్పింది నికాన్ పి950 అయి ఉంటుంది, అది 24 నుంచి 2000 వరకు వెళ్తుంది. మీ అబ్బాయి చెప్పేది పి1000 లాంటిది, 3000 వరకు వెళ్తుంది. కాబట్టి షాపులో ఎక్స్ అడగకండి, చివరి అంకె ఎంతో అడగండి. పిట్టను దగ్గరికి తెచ్చేది అదే.

ఇప్పుడు ఆ అంకెలను మీ డ్యాం దారికి తీసుకొద్దాం. మీకు 20 మీటర్ల దూరంలో కరెంటు తీగ మీద లకుముకి పిట్ట కూర్చుని ఉంది. తెల్లటి రొమ్ము, నీలి రెక్కలు ఉండే మన మామూలు లకుముకి, ముక్కు నుంచి తోక దాకా 28 సెంటీమీటర్లు ఉంటుంది. ఫోన్ మామూలు కెమెరాతో తీస్తే ఆ దూరంలో సుమారు 30 మీటర్ల వెడల్పు ఫొటోలో పడుతుంది, అంటే పిట్ట అందులో నూరో వంతు. అందుకే చుక్కలా ఉంది. 960 దగ్గర ముప్పావు మీటరు పడుతుంది, 1365 దగ్గర అర మీటరు, అంటే పిట్ట ఫ్రేములో సగానికి పైగా వస్తుంది, చుట్టూ కాస్త ఖాళీ ఉంటుంది, చూడటానికి హాయిగా ఉంటుంది. మరి 3000 దగ్గర? 24 సెంటీమీటర్లే పడుతుంది. పిట్ట పట్టదు! పైగా అంత సన్నటి సందులోంచి చూస్తూ తీగ మీద పిట్ట ఎక్కడుందో వెతుక్కునే లోపు అది ఎగిరిపోతుంది. అంత జూమ్ చందమామ కోసం, చెరువు నడిమధ్యలో ఉండే కొంగల కోసం మంచిదే. మీ నడకదారికి కాదు.

బరువు కూడా చూడండి. పి1000 ఒక కిలో 415 గ్రాములు, పి950 కిలో పైన అయిదు గ్రాములు, ఎస్ఎక్స్70 సుమారు 610 గ్రాములు, ఎస్ఎక్స్740 మాత్రం 300 గ్రాములే, చీర కొంగు చాటున పట్టేస్తుంది. మణికట్టు నొప్పి ఉంది కదా, మరి అన్నిటికన్నా తేలికైనదే చెప్పొచ్చుగా అంటారేమో. చెప్పేవాణ్ణే, కానీ దానికి కంటికి ఆనించి చూసే వ్యూఫైండర్ లేదు. వెనక స్క్రీన్ చూస్తూ, చేతులు ముందుకు చాపి తీయాలి. అలా చాపినప్పుడు 300 గ్రాములైనా వణుకుతుంది, అంతగా సాగిన లెన్సు ఆ వణుకును అన్ని రెట్లు చేసి చూపిస్తుంది. ఎస్ఎక్స్70లో కంటికి ఆనించి, మోచేతులు డొక్కలకు నొక్కి పెట్టుకుంటే కెమెరాను మీ తల కూడా మోస్తుంది. బరువు ఎక్కువే, వణుకు తక్కువ. పైగా ఎనిమిది దాటి ఎండ వస్తే వెనక స్క్రీన్ మీద ఏమీ కనిపించదు, కంటి దగ్గర మాత్రం అంతా కనిపిస్తుంది. నా మాట నమ్మకపోయినా ఫరవాలేదు, షాపులో రెండూ చేతిలోకి తీసుకుని పది నిమిషాలు పట్టుకు చూడండి, మణికట్టే చెప్తుంది.

వణుకు ఇంకా తగ్గాలంటే పాత గుడ్డ సంచిలో కిలో బియ్యం పోసి మూతి కుట్టేయండి. గోడ మీదో బండ మీదో పెట్టి దాని మీద కెమెరా ఆనించండి. స్టాండు మోసుకు తిరగక్కర్లేదు.

ఇక బ్యాటరీ. ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే జనం జూమ్ గురించి వంద అడుగుతారు, బ్యాటరీ గురించి కొన్నాక బాధపడతారు. కంపెనీలు ఫుల్ ఛార్జికి ఇన్ని ఫొటోలు అని రాస్తాయి కదా, ఎస్ఎక్స్740కి 265, పి950కి 290, ఎస్ఎక్స్70కి స్క్రీన్ చూస్తూ తీస్తే 325, వ్యూఫైండర్‌లో చూస్తూ తీస్తే 255. అవి గాలి లెక్కలు కావు, జపాన్ కెమెరా కంపెనీల సంఘం పెట్టిన పద్ధతి ప్రకారం కొలిచినవి. అరనిమిషానికి ఒక ఫొటో, రెండు ఫొటోలకు ఒకసారి ఫ్లాష్, ప్రతి ఫొటోకూ జూమ్ కదిలిస్తూ కొలుస్తారు. మీరు ఫ్లాష్ వాడరు కాబట్టి ఇంకా ఎక్కువే రావాలి. కానీ పిట్టలు తీసేవాళ్ల కష్టం వేరు. పొదలోంచి ఎప్పుడు బయటికొస్తుందా అని కెమెరా ఆన్‌లో పెట్టుకుని పావుగంట నిలబడతాం, ఒక్క ఫొటో తీయకపోయినా బ్యాటరీ తగ్గిపోతూనే ఉంటుంది. అందుకే రాసిన అంకెలో మూడింట రెండు వంతులు నమ్ముకోండి, వైఫై, బ్లూటూత్ ఆఫ్ చేసేయండి, నిమిషానికే కెమెరా ఆగిపోయేలా పెట్టుకోండి, ఊరికే జూమ్ ముందుకీ వెనక్కీ ఆడించకండి. రెండో బ్యాటరీ తప్పనిసరి.

అది ఒరిజినలే కొనండి. నేను కొనలేదు. మూడేళ్ల కిందట ఒక షాపులో మూడో వంతు ధరకే వస్తుందని వేరే కంపెనీ బ్యాటరీ కొన్నాను, జనవరిలో నేలపట్టు పోయాను గూడబాతుల కోసం. నీళ్లలో నిలబడ్డ చెట్ల నిండా గూళ్లు. తల్లి వచ్చి వాలింది, పిల్ల ఆగలేక తలకాయంతా తల్లి గొంతు సంచిలోకి దూర్చేసింది, మెడ దాకా లోపలికి పోయింది, బయట మిగిలిన రెక్కలు మాత్రం టపటపా కొట్టుకుంటున్నాయి. బటన్ నొక్కాను, స్క్రీన్ నల్లబడిపోయింది. అంతకు ముందు క్షణం దాకా బ్యాటరీ గుర్తు సగం చూపిస్తూనే ఉంది. ఇంటికొచ్చి తీద్దామంటే ఊడిరాదు, ఉబ్బిపోయి లోపల బిగుసుకుపోయింది. రిపేరు చేసే ఆయన కింది ప్లేటు విప్పి తీశాడు. అలా జరిగితే స్క్రూడ్రైవర్ పెట్టి పెకలించకండి, లిథియం బ్యాటరీకి కన్నం పడితే మంట లేస్తుంది. ఇంకో గుర్తు కూడా చెప్తాను: ఎస్ఎక్స్70లో వేసే ఎల్పీ-ఇ12 బ్యాటరీ 875 ఎంఏహెచ్, ఎస్ఎక్స్740లో వేసేది 1,250. అదే సైజు బ్యాటరీ మీద రెండింతలు రాసి ఉంటే ఆ అంకె అబద్ధం, అక్కడే పెట్టేసి వచ్చేయండి.

కొనే రోజు చేయాల్సిన పని ఒకటుంది. షాపులో గోడకున్న క్యాలెండర్‌ను ఫొటో తీసి చూసి సంతోషపడితే లాభం లేదు. కెమెరాను బయటికి తెమ్మనండి, మెనూలో డిజిటల్ జూమ్ ఆఫ్ చేయమనండి. డిజిటల్ జూమ్ అంటే మీరు ఫోన్‌లో వేళ్లతో పెద్దది చేస్తున్నారే, అదే. తిరుపతిలో కొంటున్నారు కాబట్టి కొండ వైపు తిరిగి గాలిగోపురం మీదికి జూమ్ పూర్తిగా లాగి అయిదారు ఫొటోలు తీయండి, వాటిలో ఎన్ని షేక్ కాకుండా వచ్చాయో పెద్దది చేసి చూడండి. ఇది పొద్దునే చేయాలి. మధ్యాహ్నం అయితే రోడ్ల మీదా, బండల మీదా ఎండ వేడికి గాలి కదులుతూ ఉంటుంది, గోపురం నీళ్లలో ఉన్నట్టు అల్లాడుతుంది, ఎంత ఖరీదు కెమెరా అయినా అంతే, పాపం కెమెరాది తప్పనుకుంటాం. మీ పిట్టలకూ అదే వర్తిస్తుంది, పదింటి తర్వాత దూరపు ఫొటోల మీద ఆశ పెట్టుకోకండి.

ఇంకొక్కటి. పూర్తిగా జూమ్ లాగాక పిట్ట కనిపించకుండా పోతే కంగారు పడకండి. ఈ కెనాన్ కెమెరాల్లో ఒక బటన్ నొక్కి పట్టుకుంటే జూమ్ దానంతటదే వెనక్కి వస్తుంది, పిట్టను తెర మీద కనిపించే చట్రంలో పెట్టుకుని బటన్ వదిలేస్తే మళ్లీ ముందుకు పోతుంది. షాపులోనే అడిగి నేర్చుకోండి, ఇంట్లో తులసికోట మీద వాలే పిచ్చుకల మీద వారం రోజులు అలవాటు చేసుకోండి. ఈ మోడల్ 2018లో వచ్చింది, పాతదని ఎవరైనా అంటే పట్టించుకోకండి, ఈ రకం కెమెరాలు కంపెనీలు ఇప్పుడు కొత్తగా పెద్దగా చేయడం లేదు. పెట్టె మీద తయారీ తేదీ, వారంటీ కార్డు మాత్రం చూసుకోండి.

ప్రశ్న: అన్నా, తిరుపతిలో డిగ్రీ చదువుతున్నాను. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషాలు తీయాలని ఆశ. రాత్రి గుంపులో దూరం నుంచి తీయాలి కదా, 60ఎక్స్ పైన జూమ్ ఉన్న కెమెరా కొంటే బాగుంటుందా? రాత్రంతా బ్యాటరీ రావాలి.

జవాబు: వద్దు తమ్ముడూ. పై జవాబులో చెప్పిన కెమెరాలన్నిటిలో సెన్సర్, అంటే వెలుతురును పట్టి ఫొటోగా మార్చే చిప్పు, చాలా చిన్నది, సుమారు 6 మిల్లీమీటర్ల వెడల్పు, 4.5 ఎత్తు, మన చిటికెన వేలి గోరు కంటే చిన్నది. జూమ్ పూర్తిగా లాగితే లెన్సు ఎఫ్6.5కో, అంతకంటే పైకో పోతుంది, ఈ ఎఫ్ అంకె పెరిగేకొద్దీ వెలుతురు లోపలికి రాదు. రాత్రి ట్యూబ్‌లైట్ల కింద బైరాగి వేషం కదులుతూ వస్తుంటే నీకు మిగిలేది తెల్లటి మసక.

సెకండ్ హ్యాండ్‌లో నికాన్ డి3500 వెతుకు, దానికి 35 ఎంఎం ఎఫ్1.8 లెన్సు తీసుకో. ఎఫ్6.5 కంటే ఎఫ్1.8 సుమారు 13 రెట్లు వెలుతురు లోపలికి తెస్తుంది. సెన్సర్ విస్తీర్ణం కూడా దాదాపు 13 రెట్లు పెద్దది. బ్యాటరీ గురించి అడిగావు కదా, దానికి కంపెనీ చెప్పే లెక్క 1,550 ఫొటోలు, ఎందుకంటే అందులో మనం చూసేది అద్దంలోంచి, స్క్రీన్ వెలగక్కర్లేదు. కొనేముందు షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో చూపించమను, లెన్సును లైటుకు పట్టి లోపల బూజు ఉందేమో చూడు.

జూమ్ లేదు కాబట్టి దగ్గరికి నడవాలి. అదే మంచిది. ఆ వేషం వేసుకున్నవాళ్లు మొక్కు తీర్చుకోవడానికి వచ్చారు, ముందు కళ్లతోనైనా అడుగు, వద్దంటే దించేయ్. మొహం మీద ఫ్లాష్ మాత్రం కొట్టొద్దు.

ప్రశ్న: సార్, పలమనేరు దగ్గర పల్లె మాది. కౌండిన్య అడవిలోంచి ఏనుగులు మా పొలాల మీదికి వస్తాయి. దూరం నుంచే ఫొటోలు, వీడియోలు తీయాలి, పంట నష్టం చూపించడానికి కూడా పనికొస్తుంది. ఏ కెమెరా మంచిది?

జవాబు: అన్నా, ముందు ఒక మాట. ఏనుగు కనిపిస్తే మొదటి పని ఫారెస్టువాళ్లకు ఫోన్, ఊళ్లో వాళ్లకు కేక. కెమెరా ఆ తర్వాత. జూమ్ ఉంది కదా అని ఇంకో పది అడుగులు ముందుకేసే ధైర్యం వస్తుంది మనిషికి, అదే నాకు భయం. వ్యూఫైండర్‌లో చూస్తున్నప్పుడు పక్కనుంచి ఇంకో ఏనుగు వస్తే తెలియదు. మిద్దె మీదనుంచే తీయండి, పక్కన ఒక మనిషి ఉండాలి, ఫ్లాష్ వాడకండి.

మీకు ఎస్ఎక్స్740 చాలు. ఏనుగు లకుముకి పిట్ట కాదు, 200 మీటర్ల దూరంలో ఉన్నా 960 దగ్గర ఫ్రేములో సుమారు ఏడున్నర మీటర్ల వెడల్పు పడుతుంది, ఏనుగు మొత్తం చక్కగా వస్తుంది. కాకపోతే అవి ఎక్కువగా చీకటి పడ్డాకే వస్తాయి, అప్పుడు ఈ కెమెరా పనిచేయదు, అందుకోసం కొనకండి. పంట నష్టానికి తెల్లవారాక మీ ఫోన్‌తోనే తీయండి. తొక్కిన మళ్లు, విరిగిన అరటి, పాదముద్ర పక్కన చెప్పు పెట్టి ఒకటి, తారీఖు, లొకేషన్ ఆన్ చేసి మరీ తీయండి. ఆ ఫొటోలు ఇంకో ఫోన్‌కు కూడా ఆ రోజే పంపించి పెట్టుకోండి.