గ్రాంటు చర్చకే రాలేదా తమ్ముడూ?

కిందటేడాది ఇక్కడ అమెరికాలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరిన ఒక తమ్ముడు మొన్న రాత్రి ఫోన్ చేశాడు. వైద్య పరిశోధనలకి డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్ఐహెచ్‌కి పంపిన మొదటి ఆర్01 (పరిశోధన గ్రాంటు) అప్లికేషన్ మీద ‘నాట్ డిస్కస్డ్’ అని వచ్చిందట. "అక్కా, మన పేరు చూసి పక్కన పెట్టేశారా? లేక నాకే చేతకాలేదా?" అన్నాడు. గొంతు పూడుకుపోయింది పాపం. ఇరవై ఏళ్ల కిందట నన్ను నేను వేసుకున్న ప్రశ్నే అది. ఫోన్లో చెప్పడానికి వీలుకానిది ఇక్కడ రాస్తున్నాను, కొత్తగా వచ్చిన మీ అందరికీ పనికొస్తుందని.

ముందు ఆ మాటకి అర్థం తెలుసుకోండి. ప్రతి అప్లికేషన్‌ని మామూలుగా ముగ్గురు రివ్యూయర్లు, అంటే ఆ రంగం తెలిసిన శాస్త్రవేత్తలు, చదివి 1 నుంచి 9 వరకు మార్కులు వేస్తారు. 1 వస్తే గొప్ప. ఆ మార్కుల్లో వెనకబడిన సగమో, అంతకంటే ఎక్కువో అప్లికేషన్లు మీటింగులో చర్చకే రావు. అంటే ఆ రోజు అదే మాట చూసుకుని దిగులుపడినవాళ్లు చాలామందే ఉంటారు.

మరి రంగు, జాతి మాటేమిటి? అది మన ఊహ కాదు. 2011లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం 2000 నుంచి 2006 వరకు ఎన్ఐహెచ్‌కి వచ్చిన అప్లికేషన్లను పరిశీలించింది. చదువు, ట్రైనింగ్, పేపర్లు, పనిచేసే సంస్థ అన్నీ లెక్కలోకి తీసుకున్నా, నల్లజాతి శాస్త్రవేత్తలకి గ్రాంటు వచ్చే అవకాశం తెల్లవాళ్లకంటే 10 శాతం పాయింట్లు తక్కువగా తేలింది. ఆసియా వాళ్లకి మొదట 4 పాయింట్ల తేడా కనిపించింది. అమెరికా పౌరులనే తీసుకుని చూస్తే అది దాదాపు మాయమైంది. సైన్సు, ఇంజనీరింగ్ పరిశోధనలకి డబ్బిచ్చే ఇంకో ప్రభుత్వ సంస్థ ఎన్ఎస్ఎఫ్‌లో కథ వేరు. 1999 నుంచి 2019 వరకు లెక్కలు తీస్తే, ఆసియా వాళ్లకి గ్రాంట్లు వచ్చే రేటు మొత్తం సగటు కంటే దాదాపు 21 శాతం తక్కువ, నల్లజాతి వాళ్లకి 8 శాతం తక్కువ.

ఇది ఎలా జరుగుతుందో నేను స్టడీ సెక్షన్లో, అంటే అప్లికేషన్లు చర్చించే ఆ కమిటీలో, కూర్చున్నాక గానీ అర్థం కాలేదు. ఎవరి అప్లికేషనో చెప్పకూడదు, అది రూలు. జరిగింది మాత్రం చెబుతాను. హోటల్ హాల్లో ఇరవై మందికి పైగా ఉన్నాం. ఒక్కో అప్లికేషన్‌కి పావుగంట. ఆ ముగ్గురు తప్ప మిగతావాళ్లలో చాలామంది మొదటి పేజీ, అంటే లక్ష్యాలు రాసే స్పెసిఫిక్ ఎయిమ్స్, మాత్రమే చూసి వచ్చారు. ఒక అప్లికేషన్లో ప్రయోగ పద్ధతి మీద అనుమానం వచ్చింది. "ఫలానా ల్యాబులో తయారైన మనిషి, సర్దుకుంటాడు" అని ఒకాయన అన్నాడు. అంతే, అనుమానం పోయింది. గంట తర్వాత ఇంకో అప్లికేషన్లో అలాంటి అనుమానమే వచ్చింది. ఆ రాసినావిడ హాల్లో ఎవరికీ తెలియదు. అనుమానం అలాగే ఉండిపోయింది, స్కోరు చెడిపోయింది. అక్కడ ఎవరిలోనూ ద్వేషం లేదు. పరిచయం ఉన్న పేరుకి నమ్మకం దొరికింది, లేని పేరుకి దొరకలేదు. నేనూ నోరు విప్పలేదు. అది ఇప్పటికీ బాధగానే ఉంది.

తర్వాత ఎన్ఐహెచ్ వాళ్లే ఒక ప్రయోగం చేయించారు. 1,200 పాత అప్లికేషన్లలో పేర్లు, సంస్థలు కనబడకుండా చేసి మళ్లీ చదివించారు. నల్లజాతి వాళ్ల స్కోర్లు మారలేదు. తెల్లవాళ్లవి కొంచెం దిగజారాయి, తేడా సగానికి తగ్గింది. హాల్లో నేను చూసినదానికి ఇది దగ్గరగా ఉంది. అయితే పేర్లు మాత్రమే మార్చి చేసిన మరో ప్రయోగంలో వివక్ష పెద్దగా బయటపడలేదు. అందుకే ప్రతి తిరస్కరణనీ పేరుకి అంటగట్టొద్దంటాను. ఎంచుకున్న అంశం కూడా దెబ్బతీస్తుంది. జనారోగ్యం, సమాజం మీద చేసే పరిశోధనల వైపు నల్లజాతి శాస్త్రవేత్తలు ఎక్కువగా వెళ్తారు, వాటికి డబ్బు తక్కువ వస్తుంది. 2019 అధ్యయనం ప్రకారం తేడాలో 20 శాతానికి పైగా దీనివల్లే.

ఇక చేయాల్సింది. ఎన్ఐహెచ్‌లో మీ అంశం చూసే ప్రోగ్రాం ఆఫీసర్‌కి ఫోన్ చెయ్యండి. "పెద్దవాళ్లని ఇబ్బంది పెట్టడం ఎందుకు" అని మనం ఊరుకుంటాం, ఇక్కడివాళ్లు మొహమాటం లేకుండా అడుగుతారు. రివ్యూ చదివి మీకు దారి చెప్పడం వాళ్ల ఉద్యోగంలో భాగం. అప్లికేషన్ ఏ స్టడీ సెక్షన్‌కి వెళ్లాలో మీరే కోరుకోవచ్చు, దానికి ఫారం ఉంది. పంపేముందు ఆ సెక్షన్ సభ్యుల జాబితా చూసుకోండి, అది బహిరంగమే. పీహెచ్‌డీ లాంటి చివరి డిగ్రీ అయి పదేళ్లు దాటనివాళ్లకి ఎర్లీ స్టేజ్ ఇన్వెస్టిగేటర్ అని ప్రత్యేక పరిగణన ఉంటుంది, ఆ గడియారం ఒకసారి చూసుకోండి. తిరస్కరించినదాన్ని దిద్ది 37 నెలల్లోపు మళ్లీ పంపవచ్చు. పోస్ట్‌డాక్‌లో ఉన్నవాళ్లు హెచ్1బీ మీద ఉన్నా కే99 (పోస్ట్‌డాక్ నుంచి సొంత ల్యాబుకి మారడానికి ఇచ్చే గ్రాంటు)కి అప్లై చేయవచ్చు, గ్రీన్ కార్డ్ అక్కర్లేదు.

అన్నిటికన్నా ముఖ్యం, ఎయిమ్స్ పేజీని మీ సబ్జెక్టు కాని మనిషికి ఇచ్చి చదివించండి. హాల్లో ఎక్కువమంది చదివేది అదే. రివ్యూలో పక్షపాతం ఉందని ఆధారంతో చూపగలిగితే అప్పీలు చేయవచ్చు. గెలిచినా గ్రాంటు రాదు, మళ్లీ రివ్యూ జరుగుతుంది, అంతే. ఆధారం లేకుండా ఆ దారిలో వెళ్లి టైం పోగొట్టుకోకండి.

ఇంకో మాట, ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మన పార్టీల్లో భోజనాల దగ్గర, "వాళ్లకి కోటాలు, అన్యాయమంతా మనకే" అని నల్లజాతి సహోద్యోగుల గురించి మాట్లాడటం వింటుంటాను. పైన రాసిన 10 పాయింట్లు ఎవరివో మళ్లీ చూడండి. తేడాలు తగ్గించడానికి పెట్టిన కార్యక్రమాలు చాలావాటిని 2025లో ఆపేశారు కూడా. రేపు మీరు ఆ హాల్లో కూర్చున్నప్పుడు, ఎవరికీ తెలియని పేరు వస్తే, పేజీలో ఏముందో గట్టిగా చదివి వినిపించండి. నేను చేయలేకపోయింది మీరు చేయండి.

తమ్ముడి సమ్మరీ స్టేట్‌మెంట్, అంటే రివ్యూయర్లు రాసిన వ్యాఖ్యల పత్రం, ఇంకో రెండు వారాల్లో వస్తుంది. పక్కన ఖాళీ వదిలి ప్రింట్ తీసుకుని ఆదివారం ఇంటికి రమ్మన్నాను. ఇద్దరం పెన్నులు పట్టుకుని వరసగా చదువుతాం.